ఒకే గదిలో మూడు జీతాలు

నెలలో ఇరవయ్యో తారీఖు దాటిందంటే ప్రభుత్వాఫీసులో జీతాల బిల్లు హడావుడి మొదలవుతుంది. ఎవరికి ఇంక్రిమెంట్ పడింది, ఎవరు జీతం లేని సెలవులో ఉన్నారు, ఎవరికి లోను కటింగ్ పెట్టాలి, అన్నీ సరిచూసుకుని 25లోపు బిల్లు ట్రెజరీకి పంపాలి. నేను ఒక మండల స్థాయి ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూసిన రోజుల్లో ఈ పనంతా కంప్యూటర్ మీద చేసిపెట్టింది ఒక కుర్రాడు. డేటా ఎంట్రీ ఆపరేటర్. ప్రభుత్వ బిల్లులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టే సీఎఫ్ఎంఎస్ అప్పుడప్పుడే వచ్చింది, మాలో ఎవరికీ దాని పద్ధతి అంతుపట్టేది కాదు. అతను రెండు గంటల్లో బిల్లు చేసి, ప్రింటు తీసి, బిల్లు డ్రా చేసే అధికారి, అంటే డీడీఓ, సంతకానికి పెట్టేవాడు.

ఒక నెల బిల్లు పంపాక అన్నాడు: "అయిపోయింది సార్. అందరికీ ఒకటో తారీఖుకి పడిపోతుంది."

"నీకు?" అని అడిగాను.

"నాది ఇందులో ఉండదు కదా సార్. ఏజెన్సీ బిల్లు వేరే. మూడు నెలల నుంచీ రాలేదు."

పక్క సీటులోనే రోజూ కూర్చునేవాడు. నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఆ గదిలో మేం ఆరుగురం. ముగ్గురు రెగ్యులర్, ఒకరు కాంట్రాక్టు, ఇద్దరు ఔట్‌సోర్సింగ్. వచ్చే ప్రజలకు అందరం ఒకటే, "ఆఫీసువాళ్లు". కానీ చట్టం దృష్టిలో ఒక్కొక్కరం ఒక్కో రకం. మా ఉద్యోగాలు పుట్టిన తీరు వేరు, డబ్బు వచ్చే దారి వేరు, ఆగిపోతే అడగాల్సిన చోటు కూడా వేరు. ఈ తేడా తెలియక ఏళ్లకేళ్లు తప్పు గుమ్మం ముందు నిలబడినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక ప్రభుత్వాఫీసులోకి మనిషి ఎలా వస్తాడు, అతని జీతం ఎలా వస్తుంది అనేది మొదటి నుంచీ విప్పి చెప్పాలనిపించింది.

ముందు పోస్టు, తర్వాత మనిషి

"ఆ ఆఫీసులో మనుషులు తక్కువ, ఎవరినన్నా పెట్టుకోవచ్చుగా" అని బయట అనుకుంటాం. పని ఎంత పేరుకుపోయినా, మంజూరైన పోస్టు లేకుండా ఏ అధికారీ ఒక మనిషిని పెట్టుకోవడానికి లేదు. పోస్టు అంటే ఆర్థిక శాఖ ఒప్పుకుని, జీవో ఇచ్చి, ఫలానా స్కేలుతో ఫలానా ఆఫీసుకు కేటాయించిన ఒక స్థానం. మనిషి రిటైరైనా, బదిలీ అయినా ఆ స్థానం అక్కడే ఉంటుంది. దాన్నే ఖాళీ అంటాం.

ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల్లో, 90ల మొదట్లో మస్టర్ రోల్ మీద పనిచేసే ఎన్ఎంఆర్‌లనీ దినసరి కూలీలనీ ఎవరికి వాళ్లు పెట్టేసుకున్నారు. వాళ్లంతా పర్మినెంటు చేయమని కోర్టులకు వెళ్లారు. దాంతో 1994లో ఒక చట్టం వచ్చింది, ఉద్యోగ సంఘాల్లో ఇప్పటికీ "యాక్ట్ 2 ఆఫ్ 94" అనే పిలుస్తారు. మంజూరైన పోస్టు, నియామక నిబంధనలు, రిజర్వేషన్ల రోస్టరు ఇవేవీ లేకుండా దినసరి మీదో తాత్కాలికంగానో నియమించడాన్ని అది నిషేధించింది. అదే ఏడాది ఏప్రిల్ 22న వచ్చిన జీవో 212, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సర్వీసు నిండినవాళ్లను అర్హతలు, ఖాళీలు చూసి క్రమబద్ధం చేయడానికి దారి ఇచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ రెండు కాగితాల పేరు వినపడని సర్వీసు కేసు అరుదు.

ఖాళీ ఉందనగానే నోటిఫికేషన్ వచ్చెయ్యదు. శాఖ ఆ ఖాళీలను లెక్కగట్టి, ఆర్థిక శాఖ అనుమతి తీసుకుని, ప్రతి ఖాళీకీ రోస్టర్ పాయింటు వేసి, పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు ఇండెంటు పంపాలి. నిరుద్యోగులకు తెలియకుండా నెలలు కరిగిపోయేది ఇక్కడే. రోస్టర్ పాయింటు అంటే ఈ ఖాళీ ఓసీకా, బీసీలో ఏ గ్రూపుకా, ఎస్సీకా, ఎస్టీకా, ఈడబ్ల్యూఎస్‌కా, అందులో మహిళకా అని వరుసక్రమంలో తేల్చే లెక్క. ఒక్క పాయింటు తప్పు పడినా తర్వాతి నియామకాలన్నీ కోర్టులో పడతాయి. దానికి తోడు మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకమైన 371-డి అధికరణ ఉంది. దాని కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జిల్లా స్థాయి పోస్టుల్లో 80 శాతం, జోనల్ నాన్ గెజిటెడ్‌లో 70 శాతం, నిర్దేశించిన గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు. తెలంగాణ 2018లో కొత్త ఉత్తర్వు తెచ్చుకుని స్థానికుల వాటాను 95 శాతం చేసుకుంది.

ఇవన్నీ ఎంత కాలం తినేస్తాయో ఏపీ మెగా డీఎస్సీ చూస్తే అర్థమవుతుంది. 16,347 టీచర్ పోస్టుల ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం పడింది 2024 జూన్ 13న. అదే ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని తీర్పు ఇచ్చింది. అంటే రోస్టరే మారిపోవాలి. వర్గీకరణ కోసం వేసిన కమిషన్ నివేదిక, ఆర్డినెన్సు అన్నీ పూర్తయ్యాక 2025 ఏప్రిల్ 20న నోటిఫికేషన్ వచ్చింది. నియామక పత్రాలు సెప్టెంబరు 25న ఇచ్చారు. పదిహేను నెలలు. మన దగ్గర ఇది వేగంగా జరిగినట్టే లెక్క.

వేగంగా జరగని కథ తెలంగాణ గ్రూప్-1. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబరులో ప్రిలిమ్స్. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దు. జూన్‌లో మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌నూ హైకోర్టు సెప్టెంబరులో రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషన్నే వెనక్కి తీసుకుని 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఆ మెయిన్స్ ర్యాంకుల మీద కూడా కోర్టులో వాదనలు నడిచి, చివరికి 2025 సెప్టెంబరు 27న నియామక పత్రాలు చేతికొచ్చాయి. మొదటి నోటిఫికేషన్ నాటికి ఇరవై ఎనిమిదేళ్లున్న అభ్యర్థికి ముప్పై ఒకటి దాటింది. హాస్టల్ ఫీజులు, కోచింగ్ అప్పులు, ఇంట్లో వాయిదా వేసిన పెళ్లి మాటలు, ఆ మూడున్నరేళ్ల టెన్షన్ ఏ లెక్కలోకీ రావు.

ఈలోగా ఆఫీసులో సీటు ఖాళీగా ఉంటుందా? ఉండదు. జనం వస్తూనే ఉంటారు, సర్టిఫికెట్లు ఇవ్వాలి, పింఛన్ల జాబితా పంపాలి. ఆ సీటులో ఎవరో ఒకరిని కూర్చోబెట్టాలి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఈ సందులోంచే వచ్చాయి. నియామకం ఆలస్యమైనన్నాళ్లకు సర్దుబాటుగా మొదలై, చివరికి ఆలస్యం చేయడానికే వీలు కల్పించే పద్ధతిగా మారాయని నా అభిప్రాయం.

010 పద్దు అంటే ఏమిటి

ఉద్యోగ సంఘాల ధర్నాల్లో "010 పద్దు కింద జీతాలివ్వాలి" అనే బ్యానరు చూసే ఉంటారు. అందులో ఒక ఉద్యోగి బతుకు భద్రత అంతా ఇమిడి ఉంది.

రాజ్యాంగంలోని 266(3) అధికరణ ప్రకారం ప్రభుత్వ ఖజానా, అంటే సంచిత నిధి నుంచి చట్టం అనుమతి లేకుండా ఒక్క రూపాయీ తీయడానికి వీల్లేదు. అందుకే ప్రతి ఖర్చుకూ బడ్జెట్లో ఒక పద్దు ఉంటుంది. మొదటి నాలుగంకెలు ఖర్చు ఏ రంగానిదో చెబుతాయి. 2053 అయితే జిల్లా పరిపాలన, 2202 అయితే సాధారణ విద్య. ఇలా కిందికి వస్తూ వస్తూ ఆ డబ్బు దేనికోసమో చెప్పే అంకెలు వస్తాయి. అక్కడ 010 ఉంటే అది జీతం. ప్రభుత్వానికి అప్పుల వడ్డీల లాగే ఇదీ ముందుగా తీర్చాల్సిన ఖర్చు. ఖజానా బిగిస్తే కాంట్రాక్టర్ల బిల్లులు ఆగుతాయి, ఆఫీసు కరెంటు బిల్లు ఆగుతుంది. 010 జీతం ఒక వారం ఆలస్యమైనా పేపర్లో మొదటి పేజీ వార్త.

ఔట్‌సోర్సింగ్ వేతనం ఈ పద్దులో రాదు. అది సేవల కొనుగోలు కింద వేరే పద్దులో ఉంటుంది. దానికి ఏటా రెండు అడ్డంకులు. మార్చి 31తో కొనసాగింపు గడువు ముగుస్తుంది, ఆర్థిక శాఖ మళ్లీ కంటిన్యుయేషన్ ఉత్తర్వు ఇవ్వాలి. అది వచ్చాక శాఖ నుంచి బడ్జెట్ రిలీజ్ కావాలి. ఈ రెండూ పడేసరికి ఏప్రిల్, మే, జూన్ గడిచిపోతాయి. మా ఆపరేటర్ మూడు నెలల నుంచీ రాలేదన్నది కూడా ఈ కాలంలోనే. పిల్లల స్కూలు ఫీజులు కట్టాల్సింది సరిగ్గా అప్పుడే.

సరే, రెగ్యులర్ జీతం ఎలా తయారవుతుందో చూద్దాం. ఏపీలో జూనియర్ అసిస్టెంట్ స్కేలు 25,220–80,910. ఈ 25,220 ఎక్కడి నుంచి వచ్చింది? 2015 పీఆర్సీలో (వేతన సవరణలో) ఇదే పోస్టుకు మొదటి బేసిక్ 16,400. కొత్త పీఆర్సీలో దానికి రెండు కలిపారు. 2018 జులై 1 నాటికి ఉన్న కరువు భత్యం, అంటే డీఏ, 30.392 శాతం, అంటే 4,984 రూపాయలు. పాత బేసిక్ మీద ఫిట్‌మెంట్ 23 శాతం, అంటే 3,772. మూడూ కలిపితే 25,156. మాస్టర్ స్కేలులో దాని పై మెట్టు 25,220. అంతే లెక్క. డీఏ కలపడమంటే ధరల పెరుగుదలకు అప్పటికే ఇస్తున్నదాన్ని జీతంలో విలీనం చేయడం. కొత్తగా పెరిగేది ఫిట్‌మెంట్ మాత్రమే. అందుకే పీఆర్సీ వచ్చిందంటే ఉద్యోగులందరి చూపూ ఆ ఒక్క అంకె మీదే ఉంటుంది. 2015లో రెండు రాష్ట్రాల్లోనూ అది 43 శాతం. తర్వాతి పీఆర్సీకి తెలంగాణ 30, ఏపీ 23 ఇచ్చాయి. ఏపీలో అంతకుముందే 27 శాతం మధ్యంతర భృతి ఇస్తూ ఉన్నారు. ఫిట్‌మెంట్ దానికంటే తగ్గడంతో 2022 ఫిబ్రవరి 3న వేలాదిమంది విజయవాడ రోడ్ల మీదికి వచ్చారు. "జీతం పెంచారుగా, ఇంకా ఎందుకు గొడవ" అని అప్పుడు చాలామంది అడిగారు. చేతికొచ్చే మొత్తంలో కోత పడుతుందన్న భయం మీద జరిగిన గొడవ అది.

ఇక డీఏ. కేంద్రం 1 శాతం పెంచితే మన రాష్ట్రాల్లో 0.91 శాతం పెరుగుతుంది. కేంద్రం 4 శాతం ఇస్తే ఇక్కడ 3.64. ఏపీలో డీఏ 33.67 నుంచి 37.31 శాతానికి పెరిగింది ఇలాగే. కానీ అది 2024 జనవరి 1 నుంచి రావాల్సిన డీఏ, ఉత్తర్వు వచ్చింది 2025 అక్టోబరులో. డీఏ ఎంత అన్నదానికంటే ఎప్పుడన్నదే ఇప్పుడు పెద్ద సమస్య. బకాయిలు పీఎఫ్‌కు వేస్తామనో రిటైరయ్యాక ఇస్తామనో చెప్పే రాష్ట్రాల్లో, పెరిగిన ధరలకు ఉద్యోగి ముందే తన జేబులోంచి కట్టి ఉంటాడు.

ఆ 37.31 శాతంతో మండల కేంద్రంలో చేరిన కొత్త జూనియర్ అసిస్టెంట్ లెక్క ఇది: బేసిక్ 25,220, డీఏ 9,410, ఇంటద్దె 10 శాతం కింద 2,522. మొత్తం 37,152. ఇందులోంచి వాటా పెన్షన్ పథకమైన సీపీఎస్‌కు బేసిక్, డీఏల మీద 10 శాతం, అంటే 3,463 పోతుంది. వృత్తి పన్ను 200, ప్రభుత్వ జీవిత బీమా ఏపీజీఎల్ఐ, హెల్త్ కార్డు కటింగులు వేరే. ఏడాది తిరిగితే ఇంక్రిమెంట్ పడి బేసిక్ 25,940 అవుతుంది.

సీపీఎస్ గురించి ఒక మాట. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర సర్వీసులో చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. ఉద్యోగి ఇచ్చే 10 శాతానికి ప్రభుత్వం తన వాటా కలుపుతుంది, ఆ సొమ్ము మార్కెట్లో పెరిగినంత పెరుగుతుంది. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రెగ్యులర్ ఉద్యోగుల ముసలితనం ఒక చేరిక తేదీతో ఇంతగా మారిపోవడం ఈ రెండు దశాబ్దాల పోరాటాలన్నిటికీ మూలం. అది ఇంకో వ్యాసమంత విషయం.

కాంట్రాక్టు వేరు, ఔట్‌సోర్సింగ్ వేరు

ఈ రెండు మాటల్నీ ఒకటిగా వాడటం వల్ల జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. కాంట్రాక్టు ఉద్యోగికి ఆర్డరు ఇచ్చేది ప్రభుత్వ శాఖే. చాలాసార్లు మంజూరైన ఖాళీలోనే, ప్రకటన ఇచ్చి, మెరిట్, రోస్టర్ చూసి తీసుకుంటారు. గడువు మాత్రం ఏడాదికో పదకొండు నెలలకో. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి శాఖతో ఒప్పందమే లేదు. శాఖకు ఏజెన్సీతో ఒప్పందం, ఏజెన్సీకి ఇతనితో ఒప్పందం. కుర్చీ ప్రభుత్వానిది, పని ప్రభుత్వానిది, హాజరు రిజిస్టరులో సంతకమూ ప్రభుత్వాఫీసులోనే. యజమాని మాత్రం కాగితం మీద ఇంకొకరు.

2022 జనవరిలో ఏపీ ఔట్‌సోర్సింగ్ వేతనాలు సవరించి మూడు తరగతులకు 21,500, 18,500, 15,000గా నిర్ణయించింది. తెలంగాణ 2021 జూన్‌లో 22,750, 19,500, 15,600 చేసింది. జూనియర్ అసిస్టెంట్, డేటా ఎంట్రీ ఆపరేటర్ లాంటివాళ్లు మధ్య తరగతిలోకి వస్తారు. ఏపీ లెక్కే తీసుకుందాం. 18,500లోంచి ఈపీఎఫ్, 15 వేల పరిమితి మీద 12 శాతం చొప్పున 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, 139. వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 16,411. డీఏ లేదు, ఇంటద్దె లేదు, ఇంక్రిమెంట్ లేదు. పదేళ్లు చేసినవాడికీ నిన్న చేరినవాడికీ ఒకటే.

ప్రభుత్వానికి ఆదా ఎంత అన్నది కూడా చూడాలి. యజమాని వాటాగా ఈపీఎఫ్, దాని చార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, 602. మొత్తం 21,052. ప్రైవేటు ఏజెన్సీ ద్వారా అయితే చాలా సందర్భాల్లో దీని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, 24,800 దాటుతుంది. ఏజెన్సీ కమిషన్ అదనం. అంటే ఖజానాలోంచి దాదాపు పాతికవేలు కదిలితే మనిషి చేతికి పదహారున్నర వేలు కూడా రావు. ఈఎస్ఐ, ఈపీఎఫ్ ఎలాగూ అతని కోసమే. మిగతా తేడా మాత్రం మధ్యలో ఒక సంస్థ ఉన్నందుకు పడే ఖర్చు. కొన్నిచోట్ల ఇంకా ఘోరం: యజమాని వాటా కూడా కార్మికుడి వేతనంలోంచే కోసేవాళ్లున్నారు, కోసింది జమ చేయనివాళ్లూ ఉన్నారు.

ఈ దళారీ వ్యవస్థను తీసేయడానికే ఏపీలో 2020 జులై 3న ఆప్కాస్ మొదలైంది. ఔట్‌సోర్సింగ్ సేవల కోసం ప్రభుత్వమే పెట్టిన కార్పొరేషన్ అది. ఏజెన్సీ కమిషన్ పోయింది, వేతనం నేరుగా ఖాతాలో పడే పద్ధతి వచ్చింది, నియామకాల్లో రిజర్వేషన్ చూడటం మొదలైంది. ఇవి చిన్న మార్పులేమీ కావు. అయితే ఆప్కాస్ కింద ఉన్నవాళ్లు కూడా శాఖ ఉద్యోగులు కారు. జీతం దారి బాగుపడింది, ఉద్యోగం హోదా మారలేదు. పైగా ఆప్కాస్ జాబితాలో పేరుంటే ప్రభుత్వ ఉద్యోగి లెక్కలోకి వచ్చి ఇంట్లో రేషన్ కార్డు, పింఛను లాంటివి పోతున్నాయన్న గోడు కూడా చాలా కుటుంబాల్లో విన్నాను. హక్కులు ఇచ్చే దగ్గర ఉద్యోగి కాకుండా, పథకాలు ఆపే దగ్గర మాత్రం ఉద్యోగి కావడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో రకం ఇంకొకటుంది, గౌరవ వేతనం. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు దీని కిందికి వస్తారు. అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టు కాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అదే సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో వాళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఏపీలో 42 రోజులు సమ్మె చేసినప్పుడు వాళ్ల గౌరవ వేతనం 11,500. వాళ్ల మీద అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని చట్టం తెచ్చేంత ముఖ్యమైన పని చేసేవాళ్లకు జీతం అనే మాట వాడకపోవడాన్ని నేను ఎన్నిసార్లు ఆలోచించినా సమర్థించుకోలేకపోయాను.

రెగ్యులర్‌గా చేరినా వెంటనే స్కేలు రాని సందర్భాలు కూడా ఉన్నాయి. ఏపీలో 2019లో 1,26,728 పోస్టులకు పరీక్ష పెట్టి గ్రామ, వార్డు సచివాలయాల్లోకి తీసుకున్నవాళ్లు ప్రొబేషన్‌లో నెలకు 15,000 మీదే పనిచేశారు. ప్రొబేషన్ రెండేళ్లన్నారు. స్కేలు జీతాలు 2022 జులై నుంచి గానీ రాలేదు.

కోర్టులు ఎంతవరకు ఆదుకుంటాయి

"పదేళ్లు చేశాం కదా, కోర్టుకు వెళ్తే పర్మినెంటు చేస్తారట" అనే మాట ప్రతి ఆఫీసులోనూ వినిపిస్తుంది. ఆ పదేళ్ల లెక్క 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం ఇచ్చిన ఉమాదేవి తీర్పులోది. కానీ ఆ తీర్పు అసలు సారం దానికి వ్యతిరేకం. పరీక్ష, ప్రకటన లేకుండా పక్కదారిలో వచ్చినవాళ్లను క్రమబద్ధం చేస్తే బయట అర్హులైన నిరుద్యోగులకు 16వ అధికరణ ఇచ్చిన సమాన అవకాశం పోతుందని కోర్టు అంది. మంజూరైన పోస్టులో, అర్హతలుండి, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పైబడి చేసినవాళ్లకు మాత్రం ఒక్కసారికి మినహాయింపు ఇవ్వమంది. ఆ ఒక్కసారి అన్న మాటే చాలామంది వదిలేసి చదువుతారు.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లపాటు ప్రభుత్వాలు ప్రతి కేసులోనూ ఉమాదేవిని అడ్డం పెట్టుకున్నాయి. 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో తీర్పు మరో వైపు నుంచి వచ్చింది: పర్మినెంటు సంగతి ఎలా ఉన్నా, రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ స్కేలులో కనీస మొత్తమైనా ఇవ్వాలి. ఏపీలో కాంట్రాక్టు ఉద్యోగులు మాట్లాడే "మినిమం టైమ్ స్కేల్" ఇదే. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో కోర్టు ఇంకాస్త ముందుకు వెళ్లింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చి, తుడిచి, మొక్కలు చూసుకున్నవాళ్లను 2018లో ఒక్క ఉత్తర్వుతో తీసేశారు. శాశ్వతంగా ఉండే పనికి తాత్కాలిక పేరు పెట్టి ఏళ్లకేళ్లు వాడుకోవడానికి ఉమాదేవి తీర్పును కవచం చేసుకోకూడదని చెప్పి, వాళ్లను క్రమబద్ధం చేయమని ఆదేశించింది. జూనియర్ అసిస్టెంట్లైనా ఆఫీసు అటెండర్లైనా ఇప్పుడు సర్వీసు కేసు వేసేవాళ్లందరికీ పెద్ద ఆసరా ఇదే.

అయితే ఈ తీర్పులు ఎక్కువగా పనికొచ్చేది శాఖతో నేరుగా సంబంధం ఉన్నవాళ్లకు. మధ్యలో ఏజెన్సీ ఉంటే, ఆ ఒప్పందం పేరుకే ఉందని, అసలు యజమాని శాఖేనని ముందు రుజువు చేయాలి. కాంట్రాక్టు లేబర్ రద్దయినంత మాత్రాన కార్మికులు వాటంతట అవే అసలు యజమాని ఉద్యోగులు అయిపోరని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చట్టాలు కూడా ఈ గీత గీస్తాయి. ఏపీ 2023లో చేసిన 30వ నెంబరు చట్టం 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్టు ఉద్యోగులకే. ఔట్‌సోర్సింగ్ అందులో లేదు. తెలంగాణలో 2023 ఏప్రిల్ 30న 5,544 మందిని క్రమబద్ధం చేశారు, వాళ్లూ కాంట్రాక్టువాళ్లే. దానికి ఆధారమైన సెక్షన్ 10-ఎను 2024 నవంబరులో హైకోర్టు కొట్టేసింది. అప్పటికే క్రమబద్ధమైనవాళ్ల జోలికి మాత్రం పోలేదు. ఆ సెక్షన్ చేర్చింది ఏ చట్టంలోనో తెలుసా? 1994 నాటి యాక్ట్ 2లోనే.

చేతిలో ఉండాల్సిన కాగితాలు

ఇంత చెప్పాక, ఇంట్లో ఎవరన్నా ఇలాంటి ఉద్యోగంలో ఉంటే ఈ రోజే చూడాల్సింది ఆర్డరు కాపీ. కింద సంతకం శాఖ అధికారిదా, ఏజెన్సీదా, కార్పొరేషన్‌దా? పైన రిఫరెన్సుల్లో ఏ జీవో నెంబరు ఉంది? మంజూరైన పోస్టు ఎదురుగా తీసుకున్నట్టు రాసి ఉందా? ఏటా వచ్చే కొనసాగింపు ఉత్తర్వుల కాపీలు, హాజరు రిజిస్టరు పేజీల ఫొటోలు, మెమోలు, ఎన్నికల డ్యూటీ ఆర్డర్లు కూడా దాచుకోవాలి. పదిహేనేళ్లు పనిచేసి, చేసినట్టు ఒక్క కాగితం చూపించలేక ఓడిపోయినవాళ్లున్నారు. రెగ్యులర్ ఉద్యోగి అయితే ఏడాదికోసారైనా ఎస్ఆర్ (సర్వీసు రిజిస్టరు) తెరిపించి ఎంట్రీలు చూసుకోవాలి. రిటైరయ్యేనాడు బయటపడే తప్పు పెన్షన్‌ను నెలల తరబడి ఆపేస్తుంది.

ఏజెన్సీ వేతనం ఆపేస్తే అడగడానికి ఎవరూ లేరనుకోవడం పొరపాటు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం 21వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఆ బాధ్యత అలాగే ఉంది. ఈపీఎఫ్ సంగతి ఇంకా తేలిక. పీఎఫ్ నెంబరు (యూఏఎన్) పాస్‌బుక్ ఫోన్లోనే కనిపిస్తుంది.

మా ఆపరేటర్‌కు ఆ పాస్‌బుక్ ఎలా చూడాలో తెలియదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని తెరిచాం. వేతనం మూడు నెలలే ఆగింది, పీఎఫ్ మాత్రం అయిదు నెలల నుంచీ పడలేదు. అంటే వేతనం ఇచ్చిన చివరి రెండు నెలలకు కూడా కోసి, కట్టలేదు. "ఇప్పుడు గొడవ చేస్తే నన్ను మార్చేస్తారేమో సార్" అన్నాడు. గొడవ అతని పేరు మీద ఉండకూడదనుకున్నాను. అతని పేరు లేకుండా డీడీఓ పేరుతో ఒక లెటరు రాశాను: పాత నెలల ఈపీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు, ఎవరి పేరున ఎంత కట్టారో జాబితాతో సహా జతచేయనిదే ఇకపై ఏజెన్సీ బిల్లు పాస్ చేయబడదు. రెండు వాక్యాలు. మా సార్ చదివి, "ఈ అధికారం మనకుందా?" అని అడిగారు. ఒప్పందం ఫైలు తీసి క్లాజు చూపించాను. సంతకం పెట్టారు.

ఆ లెటరు టైపు చేసింది కూడా అతనే. పదో రోజున ఏజెన్సీ మనిషి అయిదు నెలల చలాన్లూ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.